గడియారాలు కలిశాయా?



పెళ్లికి కెనాన్, నికాన్ కెమెరాలు రెండూ తీసుకుపోవడం ఆడంబరమని మీ పత్రిక వ్యాసకర్త తేల్చేశారు. మా దగ్గర నికాన్ నాది, కెనాన్ నాతో వచ్చే తమ్ముడిది. ఒకే కంపెనీకి మారాలంటే ఒకరి లెన్సులన్నీ అగ్గువకు అమ్ముకోవాలి. ఇక ఆడంబరం ఎక్కడిది?

చిక్కులు లేవనను. లెన్సు బిగించడానికి ఒకటి కుడికి తిప్పాలి, ఇంకోటి ఎడమకు. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంటు లెన్సు, 1987లో వచ్చిన కెనాన్ ఈఎఫ్ బాడీకి నేరుగా ఎక్కదు. ఒకదాని ఫ్లాష్ ఇంకోదానికి పెడితే వెలుతురు చేత్తో సెట్ చేసుకోవాల్సిందే.

వ్యాసకర్త అసలు ముట్టుకోనిది గడియారం. ఒక లగ్గంలో మా రెండు కెమెరాల టైము అరగంట పైనే తేడా. కంప్యూటర్‌లో వరుస పేరిస్తే తలంబ్రాలు ముందు, జీలకర్ర బెల్లం తర్వాత వచ్చాయి! అట్లనే ఆల్బం చేయించిన. పెళ్లికూతురి మేనమామ మూడో పేజీలోనే పట్టేశాడు. తప్పు నాదే, మళ్లీ ప్రింటు వేయించిన. ఇప్పుడు ఎదుర్కోళ్లకు ముందే రెండింటినీ సెల్‌ఫోన్ టైముకు కలుపుతున్నం. పందిట్లో అయ్యగారి తెల్ల కండువాను రెండింటితో ఒక్కో ఫొటో తీసి, రంగు దానికి సరిచూసుకుంటం. ఆయన నవ్వుతుంటాడు.

— ఒక ఫొటోగ్రాఫర్, మేళ్లచెరువు, సూర్యాపేట జిల్లా