పాత పడవ కొనేముందు

మల్లేశ్వరంలో ఉండే మన సభ్యులొకరు మొన్న ఫోన్ చేశారు. కాకినాడలో వారి బావమరిది పాత ఫైబర్ పడవ కొంటూ డబ్బు సర్దమన్నాడట. బెంగుళూరులో పడవ బేరమేమిటని నవ్వకండి. మనలో చాలామంది పొదుపు సొంత ఊరికే పోతుంది.

నీళ్ళలో ఉన్న పడవకు బయానా ఇవ్వవద్దన్నాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. అప్పుడవి ఒడ్డెక్కుతాయి, అడుగు కనిపిస్తుంది. రూపాయి బిళ్ళతో తట్టి చూడాలి. గట్టి ఫైబరు ఖంగుమంటుంది, పొరలు విడినచోట మొద్దుగా పలుకుతుంది. కొత్తగా రంగు వేసినచోట మరో నాలుగుసార్లు తట్టాలి! ఇంజను చూసే మెకానిక్కు మన మనిషై ఉండాలి.

ఇక నా వృత్తి సంగతి. మత్స్యశాఖ రిజిస్ట్రేషను పత్రంలోని నెంబరు, పడవ మీది నెంబరు ఒకటేనా? డీజిల్ రాయితీ రిజిస్టరయిన పడవలకే. దాని మీద బ్యాంకు అప్పుందా? ఉంటే, పడవ ఎవరి చేతికి మారినా తాకట్టు బ్యాంకుదే. బాకీ లేదన్న కాగితం బ్యాంకు నుంచే తెచ్చుకోవాలి, అమ్మేవాడి నోటి మాట చాలదు. బయానా పోను మిగతా సొమ్ము పేరు మారాకే, అదీ పత్రంలో పేరున్నవాడి ఖాతాకే.

బావమరిది జూన్ దాకా ఆగనంటున్నాడట. అయితే మీరూ డబ్బు పంపకండి అన్నాను.