యంత్రము చేతికి ఉత్తరముల సంచి

అడిగిన ప్రశ్నకు బదులు చెప్పు భాషాయంత్రములు నేడు మన సందేశములను చదివి, మన పేరనే ప్రత్యుత్తరములు పంపు స్థితికి వచ్చినవి. ఇది మేలా, కీడా యని తేల్చుటకు ముందు ఇది ఎట్లు జరుగుచున్నదో తెలిసికొనవలెను.

భాషాయంత్రము స్వయముగా చేయగలుగునది మాటకు మాట కూర్చుటయే. వాట్సాప్, స్లాక్ వంటి సందేశ సేవల తలుపులను అది తనంత తాను తెరువజాలదు. వెనుక ప్రతి యంత్రమునకును, ప్రతి సేవకును నడుమ వేరొక వంతెన కట్టవలసియుండెడిది. ఐదు యంత్రములు, పది సేవలు ఉన్నచో 50 వంతెనలు కావలెను. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అను ఉమ్మడి నియమావళిని ప్రకటించినది. ఇరుపక్షములును దానిని పాటించినచో 15 అమరికలతో పని తీరును. 2025 మార్చిలో పోటీదారైన ఓపెన్ ఏఐ సైతము దీనిని స్వీకరించినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఇది లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యమునకు చేరినది.

ఈ ఏర్పాటులో మధ్యవర్తి సర్వరు. సందేశములు వెదకుట, చదువుట, పంపుట అను పనులు తన వద్ద గలవని అది వర్ణనలతో సహా యంత్రమునకు తెలుపును. యంత్రము ఆ వర్ణనలు చదివి, కావలసిన పనిని కోరును. సర్వరు దానిని నెరవేర్చును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. యజమాని ఆజ్ఞ, పరులు వ్రాసిన సందేశము, సర్వరు ఇచ్చిన వర్ణన, ఈ మూడును యంత్రమునకు ఒకే అక్షరధారగా అందును. అందుచే చదువవలసిన మాటను చేయవలసిన ఆజ్ఞగా అది భ్రమించుట కలదు. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు దీనిని ప్రయోగపూర్వకముగా చూపిరి. వాట్సాప్ సర్వరు సరసన మరియొక సర్వరును చేర్చిరి. అది మొదట నిరపాయమైన వర్ణనను చూపి, అనుమతి పొందిన పిదప దానిని మార్చినది. యంత్రము ఆ క్రొత్త మాటలు నమ్మి, యజమాని సందేశములను పరాయి నంబరునకు పంపినది. వాట్సాప్ గుప్తలిపిని ఎవరును ఛేదింపలేదు. తాళపుచెవి గలవాడే తలుపు తీసెను. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు.

దీనికి విరుగుడుగా, పని జరుగుటకు ముందు వలదనగల మనుష్యుడు ఉండవలెనని ఆ నియమావళియే చెప్పుచున్నది. కాని అది హితవే గాని నిర్బంధము కాదు. పదిమారులు ‘సమ్మతము’ అని నొక్కిన వ్రేలు పదునొకండవమారు చదువకయే నొక్కును.

ఒక తరగతి వాట్సాప్ బృందమును తలచుకొనుడు. అందు తల్లిదండ్రుల నంబర్లుండును. ఒక బాలుని జబ్బు సంగతియు ఉండవచ్చును. ఒక్క ఉపాధ్యాయుడు తన ఫోనును యంత్రమునకు జోడించినచో అందరి మాటలును దాని కంటబడును. ఆ తల్లిని అడిగినవారెవ్వరు? ఒకరి అనుమతి బృందమంతటి అనుమతి కాదు.

కనుక చదువు అధికారమును, పంపు అధికారమును వేరుచేయవలెను. ఇతరుల మాటలున్నచోట ముందుగా వారి నడుగవలెను. ఎరుగని సర్వరును చేర్చరాదు. ఉత్తరముల సంచి మోయుటకు యంత్రమును నియోగింపవచ్చును. ఏ ఉత్తరము ఎవరికి చేరవలెనో నిర్ణయించు బాధ్యత మాత్రము మనదే.