రోడ్డు మూసే కాగితం ఎక్కడుంది?

చాలా ఏళ్ల కిందటి మాట. డిగ్రీ చదివే రోజుల్లో ఏప్రిల్ 14 ర్యాలీకి పర్మిషన్ కోసం మేం నలుగురం మా పట్నంలోని స్టేషన్‌కి వెళ్లాం. మెయిన్ బజారు మీదుగా అంబేద్కర్ విగ్రహం దాకా, రెండు గంటలు. అధికారి దరఖాస్తు చదివి, "బజారు వద్దు, బైపాస్ మీదుగా పోండి, ట్రాఫిక్ ఆగిపోతుంది" అన్నాడు. అంతకు ఏడు నెలల ముందు అదే బజారు నడిమధ్యన వినాయక మండపం వేశారు. తొమ్మిది రోజులు బస్సులే బైపాస్ పట్టాయి. ఆ సంగతి గుర్తుచేస్తే, "అది పబ్లిక్ ప్రోగ్రాం కదా" అన్నాడు. మరి మాది? సరే, కాదన్న మాటైనా కాగితం మీద రాసివ్వండి సార్ అని అడిగాం. నవ్వాడు. మేం బైపాస్ మీదుగానే వెళ్లాం. జై భీమ్ అని మేం అరిచిన అరుపులు విన్నది లారీ డ్రైవర్లు.

ఆ రాసివ్వని కాగితం గురించే ఈ వ్యాసం.

వేడుక కోసం రోడ్డు మూయడాన్ని మనం ట్రాఫిక్ విషయంగా చూస్తాం. ఏ వేడుక 'పబ్లిక్', ఏది కాదు అని తేల్చే నిర్ణయం అందులోనే ఉంది. హైదరాబాద్‌నే తీసుకోండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్. అంతా నగరవాసులు రోజూ తిరిగే రోడ్లే: సచివాలయం పక్క, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్. అప్పటికి ఆవిష్కరణకు సిద్ధమవుతున్న బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం ఉన్నదీ ఆ చుట్టుపక్కలే. రేసుకు రోజుల ముందే దారులు మళ్లించారు. అంతకుముందు 2022 నవంబరు, డిసెంబరుల్లోనూ ఇండియన్ రేసింగ్ లీగ్ కోసం అవే రోడ్లు మూశారు. ఆ రేసు డబ్బుల మీద తర్వాత ఏసీబీ కేసు పెట్టింది. అది కోర్టులు తేల్చాల్సింది. కానీ ఆ డబ్బు గురించి టీవీల్లో ఎంత చర్చ జరిగిందో, రోడ్డు గురించి ఎంత తక్కువ మాట్లాడుకున్నామో గమనించారా?

ఇప్పుడు ట్యాంక్‌బండ్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఇందిరాపార్కు ధర్నాచౌక్‌కి రండి. 2017లో అక్కడ ధర్నాలు వద్దన్నారు. కారణాలు ట్రాఫిక్, చుట్టుపక్కల నివాసితుల ఇబ్బంది, పార్కుకి వచ్చే వాకర్ల ఇబ్బంది. అంగన్‌వాడీ అక్కలు, కాంట్రాక్టు కార్మికులు, పోడు రైతులు, విద్యార్థులు కూర్చునే ఆ కాస్త చోటు కోసం మళ్లీ ఉద్యమమే చేయాల్సి వచ్చింది. 2018 నవంబరులో హైకోర్టు చెప్పాక గానీ అక్కడ ధర్నాలకు దారి దొరకలేదు. ఒకే నగరం, దాదాపు ఒకే కాలం. కార్ల పందేనికి ట్రాఫిక్ అడ్డం కాలేదు. జీతం అడిగేవాళ్లకు అడ్డమైంది. పార్టీల పేర్లు పెట్టి ఈ లెక్క తేల్చొద్దని మనవి. ఎవరి పాలనలోనైనా ఇదే వరస. 2022 డిసెంబరులో కందుకూరు రోడ్‌షో తొక్కిసలాటలో 8 మంది చనిపోయాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరి 2న జీవో 1 తెచ్చి రోడ్ల మీద సభలకు దాదాపు తలుపు మూసింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కదా: వీధుల్లో సభలను క్రమబద్ధం చేయొచ్చు, పూర్తిగా నిషేధించకూడదు, అధికారి ఇష్టానికి వదిలేయకూడదు.

ఇంతకీ రోడ్డు మూసే అధికారం ఎవరిది? రాజ్యాంగం 12వ షెడ్యూలు చూస్తే రోడ్లు, వంతెనలు పట్టణ స్థానిక సంస్థల అంశాల్లో ఉన్నాయి. ఆచరణలో మాత్రం అధికారం పోలీసులది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 కింద వాహనాలను ఆపొచ్చు. నెల లోపు ఆంక్షకు గెజిట్ కూడా అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. ఊరేగింపుల దారి, సమయం నిర్ణయించేది 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30. మన జిల్లాల్లో అది 'అమల్లో ఉంది' అన్న ప్రకటన లేని నెల అరుదు. హైదరాబాద్‌లోనైతే నిజాం కాలపు 1348 ఫసలీ సిటీ పోలీసు చట్టం ఇంకా పనిచేస్తోంది. మనం ఓటేసి గెలిపించిన కార్పొరేటర్‌కి తన డివిజన్‌లో రోడ్డు మూస్తున్న సంగతి మనలాగే పొద్దున పేపర్లో తెలుస్తుంది. కార్పొరేషన్ వంతుకు వచ్చేది ఊడ్చే పని. వేడుక రోజు తెల్లవారుజామున మూసిన రోడ్డు మీదికి అందరికంటే ముందు వెళ్లేది, అర్ధరాత్రి చివరగా బయటికి వచ్చేది పారిశుద్ధ్య కార్మికులు. వాళ్లు ఏ వాడల నుంచి వస్తారో మీకు చెప్పక్కర్లేదు.

మనకు 1861 చట్టాన్ని అంటగట్టిపోయిన బ్రిటన్ తన రోడ్లకు ఏం చేసుకుందో చూడండి. అక్కడ వేడుకల కోసం వీధులు మూసే అధికారం 1847 నుంచీ పట్టణ సంస్థలకు ఉంది. 1994లో ఇంకో చట్టం చేసి హద్దులు గీశారు. ఆ వేడుక రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా జరపడం వీలుకాదని ముందు రోడ్డు అధికారి నమ్మాలి. మూసివేత మూడు రోజులు దాటకూడదు. అదే రోడ్డును ఏడాదిలో రెండోసారి మూయాలంటే మంత్రి ఒప్పుకోవాలి. హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు ఆ లెక్క వర్తించి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

అయితే మన కౌన్సిళ్లకు అధికారం అప్పగిస్తే చాలునా? ఇక్కడే నాకు తటపటాయింపు. స్థానిక స్వపరిపాలన అనగానే పులకించే అలవాటు అంబేద్కరైట్లకు ఉండకూడదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని గురించి బాబాసాహెబ్ ఏమన్నారో మనందరికీ తెలుసు. మహద్ సంగతీ తెలుసు. చవదార్ చెరువు అందరిదీ అని 1924లో తీర్మానించింది మహద్ మున్సిపాలిటీయే. 1927 మార్చిలో మనవాళ్లు నిజంగా వెళ్లి నీళ్లు తాగాక, ఆగస్టులో ఆ తీర్మానాన్ని రద్దు చేసిందీ అదే మున్సిపాలిటీ. హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937 అయింది. రోడ్డు సంగతైతే వైక్కం ఉంది. తిరువాన్కూరులో ప్రభుత్వ రోడ్లు అన్ని కులాలకూ తెరిచి ఉన్నాయని 1865లోనే ప్రకటన వచ్చింది. దానికి విరుగుడుగా రాజవీధి వేరు, గ్రామవీధి వేరు అన్న తేడా పుట్టుకొచ్చింది. రాజవీధి అందరిదీ, గుడి చుట్టూ ఉన్నవి మాత్రం గ్రామవీధులు! 1924లో మొదలైన సత్యాగ్రహం ఇరవై నెలలు సాగితే మూడు వైపుల రోడ్లే తెరుచుకున్నాయి.

పాత కథలు అనుకోకండి. ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూర్‌లో ఒక దళిత పెళ్లికొడుకు ఠాకూర్ల ఇళ్ల ముందునుంచి బరాత్ తీసుకెళ్లడానికి నెలల తరబడి ఆఫీసులు, కోర్టు తిరిగాడు. చివరికి 2018 జూలైలో పోలీసు బందోబస్తు మధ్య గుర్రబ్బండిలో వెళ్లాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడాన్ని, రోడ్డు వాడుకోనివ్వకపోవడాన్ని నేరాలుగా పేరుపెట్టి చెప్పిందంటే ఊరికే కాదు. రాజ్యాంగం 15వ అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు 'రోడ్లు' అన్న మాట ఉంది. పొద్దుపోక రాసిన మాట కాదది.

అందుకని నేను అడిగేది పోలీసు నుంచి తీసి కౌన్సిల్ చేతిలో పెట్టమని మాత్రమే కాదు. నిర్ణయం కౌన్సిల్‌లో జరగాలి, ఎందుకంటే అక్కడ రిజర్వేషన్ ద్వారా వచ్చిన మన సభ్యులు కనీసం లేచి నిలబడి అడగగలరు, ఆ అడిగింది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. స్టేషన్ గదిలో నవ్వు మినిట్స్‌లోకి ఎక్కదు. కానీ ఆ కౌన్సిల్ కూడా లిఖిత కారణాలకు కట్టుబడాలి. ఏ రోడ్డు, ఎన్ని గంటలు, ఎవరు అడిగారు, ఎంత కట్టారు, బస్సులు ఎటు వెళ్తాయి, అంబులెన్సు ఎటు వెళ్తుంది అన్నది ముందే ప్రకటించాలి. తోపుడు బండ్లవాళ్లను లేపేస్తే వాళ్ల రోజు కూలి సంగతేమిటో చెప్పాలి. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం వాళ్లను కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఉండాలి. రేసుకైనా, నిమజ్జనానికైనా, మొహర్రం ఊరేగింపుకైనా, ఏప్రిల్ 14కైనా ఫారం ఒకటే కావాలి. కాదంటే ఎందుకు కాదో అదే ఫారం మీద రాయాలి.

దీనివల్ల మనకూ ఇబ్బంది ఉంటుంది, ఒప్పుకుందాం. మన ర్యాలీలూ అంబులెన్సులకు దారి వదలాలి, చెప్పిన సమయానికి ముగియాలి. డీజేల విషయంలో మనవాళ్లేం తక్కువ తినలేదు.

లా, సోషియాలజీ చదివే పిల్లలకు ఒక పని చెప్తాను. బాధితులకు నిర్ణయాల కారణాలు చెప్పి తీరాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 అంటోంది. మీ ఊళ్లో గత ఏడాది వేడుకల కోసం రోడ్లు మూసిన ఉత్తర్వులన్నీ అడగండి. తిరస్కరించిన దరఖాస్తులు కూడా అడగండి, అవే ముఖ్యం. రెండు వరసల్లో పెట్టి, దరఖాస్తు పెట్టిన సంఘాల పేర్లు చదవండి. ఉత్తర్వే లేదని జవాబు వస్తే ఆ జవాబును దాచుకోండి. ఒక మంచి పరిశోధనకు సరిపడా సరుకు అందులో ఉంటుంది.

మా పట్నంలో ఈసారి కూడా పిల్లలు మెయిన్ బజారుకే పర్మిషన్ అడుగుతున్నారు. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లమన్నాను, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకునేదాకా బయటికి రావద్దన్నాను.