దెబ్బ తగిలిన కాలు ఎటు నడుస్తుంది?

గుండెకు ఆపరేషన్ కావాలంటే ఎక్కడికి వెళ్లాలో మన ఊళ్లో చదువు రాని ముసలమ్మ కూడా చెబుతుంది. ఏ కార్డు పట్టుకెళ్లాలో, ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో, ఎవరి చేత ఫోన్ చేయించాలో అన్నీ చెబుతుంది. అదే కాలి బొటనవేలు రాయికి తగిలి గోరు లేచిపోతే ఎక్కడికి వెళ్లాలో మాత్రం మనలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆదివారం అనుబంధాల్లో ఆరోగ్యం మీద పేజీలకు పేజీలు నింపే మాకూ తెలియదు. తెలియకపోవడం ఒక తప్పు. తెలియడం లేదన్న సంగతి ఇన్నేళ్లుగా మనకు తట్టనే లేదు, అది అంతకన్నా పెద్ద తప్పు.

దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాల్లో మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. ఒకరు పసుపు తెస్తారు, ఒకరు కాఫీపొడి డబ్బా తెస్తారు. కాలిన చోట టూత్‌పేస్టు పూస్తారు, అది దొరక్కపోతే దోసెల పిండి. పల్లెలో పొలం గట్టున గడ్డిచేమంతి ఆకు నలిపి పసరు పిండుతారు. ఇవన్నీ తెలిసిన మనకు కుళాయి కింద చెయ్యి పెట్టాలని మాత్రం తోచదు. గాయాన్ని శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడగడమే మొదటి వైద్యం. కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లటి నీళ్లు ధారగా పోయడమే మొదటి మందు. కానీ గాయానికి నీళ్లు తగిలితే చీము పడుతుందని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. పప్పు తిన్నా చీమేనట, వంకాయ తిన్నా చీమేనట. గాయం మానడానికి మాంసకృత్తులు కావాల్సిన రోజుల్లోనే పిల్లాడి కంచంలోంచి పప్పు తీసేసి చారన్నం పెడతాం. ఎంబీబీఎస్ చదివిన కొడుకున్న ఇంట్లో కూడా ఇదే పథ్యం నడుస్తుంది. ఆ కొడుకు అమ్మతో వాదన ఎందుకులే అని ఊరుకుంటాడు.

ఆ తర్వాత వినపడే మాట ఒక్కటే: టీటీ వేయించారా?

ఇనుము గుచ్చుకున్నా టీటీ, గోడ గీసుకున్నా టీటీ, బండి మీంచి పడినా టీటీయే. ధనుర్వాతం తుప్పులోంచి పుట్టదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి, ఆఖరి మోతాదు వేసుకుని పదేళ్లు దాటకపోతే శుభ్రమైన చిన్న గాయానికి మళ్లీ సూది అక్కర్లేదు. మట్టీ మురికీ అంటిన గాయమైతే ఆ గడువు ఐదేళ్లు. కానీ ఆఖరిసారి ఎప్పుడు వేయించుకున్నామో గుర్తున్నవాళ్లు మన ఇళ్లలో ఎందరు? పిల్లల టీకా కార్డు బడిలో చేర్చే రోజున చివరిసారి బయటికి వస్తుంది. ఆ తర్వాత పదేళ్లకూ పదహారేళ్లకూ వేయించాల్సిన మోతాదులు ఉన్నాయన్న సంగతే మరిచిపోతాం. తీరా దెబ్బ తగిలాక లెక్క తెలియక భయంతో ఏడాదికి రెండుసార్లు పొడిపించుకునేవాళ్లు ఒకవైపు, ముప్పై ఏళ్లుగా ఒక్కటీ వేయించుకోకుండా పేడకుప్పల మధ్య చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లు మరోవైపు. ఇద్దరికీ సరైన మాట చెప్పాల్సిన ఏఎన్ఎం మన వీధి చివరే ఉంటుంది. అక్కడ ఆ టీకా ఉచితం. అయినా మనం మందుల షాపుకే పోతాం.

మందుల షాపు మన అసలు దవాఖానా. కౌంటర్ మీద చెయ్యి పెట్టి గాయం చూపిస్తే అటువైపు కుర్రాడు నాలుగు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తాడు. అందులో నొప్పి మాత్ర ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి, యాంటీబయాటిక్ తప్పకుండా ఒకటి. సెఫిక్సిమ్ లాంటి మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని, ఎవరు రాశారో ఎవరు కొన్నారో రిజిస్టరులో ఎక్కించాలని హెచ్1 షెడ్యూలు 2014 మార్చి నుంచి చెబుతూనే ఉంది. ఆ రిజిస్టరు గురించి ఏ షాపులోనైనా మనం అడిగామా? మనకు కావాల్సింది మూడు రోజుల మాత్రలు, అవీ రెండో రోజుకు నొప్పి తగ్గితే మూడో రోజువి ఫ్రిజ్ మీద పడి ఉంటాయి, మరొకరి దెబ్బ కోసం. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టే హక్కు మనకు లేదు. చీటీ అడిగిన షాపువాడి మీద విసుక్కుని పక్క షాపుకు పోయింది మనమే.

ఆర్‌ఎంపీ డాక్టరు సంగతి ఇంకాస్త చిక్కు. ఆయన్ని తిట్టడం చదువుకున్నవాళ్లకు తేలిక. కానీ రాత్రి తొమ్మిదికి తలుపు కొడితే తీసేది ఆయనే. ఇంటికి వచ్చి కట్టు మారుస్తాడు, డబ్బులు పంటకు తీసుకుంటాడు, మన తాత పేరు కూడా తెలుసు. వాటితోపాటు అక్కర్లేని స్టెరాయిడ్ సూదీ, అక్కర్లేని సెలైనూ ఇస్తాడు. సూది పడందే వైద్యం జరిగినట్టు కాదని ఆయనకు నేర్పింది మనమేనని ఒప్పుకోవాలి. ఉత్త కట్టు కట్టి పంపితే ‘చేతకాని డాక్టరు’ అన్నాం, సీసా ఎక్కిస్తే ‘హస్తవాసి’ అన్నాం. ప్రభుత్వం ఖాళీగా వదిలేసిన రాత్రివేళను ఆయన నింపాడు. అదెందుకు ఖాళీగా ఉందని మనం ఎవర్నీ అడగలేదు.

మణికట్టు వాస్తే మరో దారి ఉంది. చిత్తూరు సీమలో పుట్టిన పుత్తూరు కట్టు పేరు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ప్రతి బస్టాండు దగ్గరా బోర్డు మీద కనిపిస్తుంది. ఆ బోర్డుల్లో ఎన్నింటికి నిజంగా పుత్తూరుతో చుట్టరికం ఉందో ఎవరూ చూడరు. విరిగిందా బెణికిందా అన్నది ఎక్స్‌రే తీస్తే నిమిషంలో తేలుతుంది. కట్టు బిగుసుకుని వేళ్లు చల్లబడి నీలిరంగుకు తిరిగితే అది గంటల మీద తేల్చుకోవాల్సిన ప్రమాదం. ‘వారం దాకా విప్పకూడదు’ అన్న మాట విని ఆ వేళ్లకేసి చూడనైనా చూడం.

ఇక డబ్బున్న మనం, ఇన్సూరెన్స్ ఉన్న మనం చేసేది మరీ సిగ్గుచేటు. బండి స్కిడ్ అయి మోకాలు గీసుకుపోతే తిన్నగా కార్పొరేట్ క్యాజువాలిటీకి వెళ్తాం. ఎక్స్‌రే, సీటీ స్కాన్, ఒక రాత్రి అబ్జర్వేషన్. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారని తర్వాత ఆసుపత్రిని తిడతాం. కానీ మామూలు పాలసీల్లో 24 గంటలు మంచం మీద ఉంటేనే క్లెయిమ్ వస్తుందని మనకు బాగా తెలుసు. ‘ఎలాగూ ఇన్సూరెన్స్ ఉందిగా సార్, ఒక్కరోజు అడ్మిట్ చేసుకోండి’ అని బతిమాలేది ఎవరు? ఆ మంచం అవసరమైన మనిషి ఆ రాత్రి స్ట్రెచర్ మీద వరండాలో ఉంటాడు. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ ఇదే కథ. 1923లో తెరిచిన విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి గానీ, మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా గానీ, వరంగల్ ఎంజీఎం గానీ చీలమండ బెణుకులకు కట్టు కట్టడానికి కట్టినవి కావు. తల పగిలినవాడూ వేలు తెగినవాడూ అక్కడ ఒకే వరుసలో నిలబడుతున్నారంటే, వాళ్ల మధ్య ఉండాల్సిన మెట్లన్నీ మనం కూల్చుకున్నామని అర్థం.

ఆ మెట్లు కాగితం మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. జోసెఫ్ భోర్ కమిటీ 1946లోనే ఊరికి దగ్గరగా ప్రాథమిక వైద్యం ఉండాలని చెప్పింది. 1952లో సామాజిక వికాస పథకంతో పాటు మొదటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. 1978 ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యంలో తప్పక ఉండాల్సిన వాటిని చెబుతూ మామూలు జబ్బులతో పాటు మామూలు దెబ్బలకు తగిన చికిత్సను కూడా చేర్చింది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటరు, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ; గిరిజన ప్రాంతంలో 3,000కు, 20,000కు ఒక్కొక్కటి. అదీ లెక్క. ఆంధ్రలో విలేజ్ క్లినిక్కులు, తెలంగాణలో పల్లె దవాఖానాలు, 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలు. పేర్లు మారాయి, రంగులు మారాయి. అయినా ఆసుపత్రిలో చేరనక్కర్లేని జబ్బులకు ప్రభుత్వ వైద్యం తీసుకున్నది దేశం మొత్తం మీద దాదాపు 30 శాతమేనని 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది.

మిగతా 70 శాతం ఎందుకు పోలేదంటే పీహెచ్‌సీలో డాక్టరు ఉండడని, మందులుండవని అంటాం. కొంత నిజమే. కుట్లు వేయాల్సిన గాయానికి ‘ఇక్కడ వేయం, ఏరియా ఆసుపత్రికి పొండి’ అని చీటీ రాసి ఇచ్చే చోట్లున్నాయి. ప్రసవాల కోసం 24 గంటలూ తెరిచి ఉంచేవి కొన్ని తప్పిస్తే చాలాచోట్ల ఓపీ సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. పిల్లలు ఆటల్లో పడేది, కూలీలు పని దిగేది, తాగినవాడి బండి గుద్దేది అంతా ఆ తర్వాతే. అయితే ఈ వేళలు మార్చమని ఎవరైనా ధర్నా చేశారా? రోడ్డు కోసం చేశాం, వైన్‌షాపు వద్దని చేశాం, మెడికల్ కాలేజీ మా జిల్లాకే కావాలని బంద్‌లు కూడా చేశాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. ఆ తర్వాత ప్రతి ఎన్నికలో దాని పరిమితి ఎన్ని లక్షలన్నదే పోటీ. ఎన్ని లక్షలైనా అది ఆపరేషన్లకూ పెద్ద జబ్బులకూ. కట్టు కట్టే నర్సు సాయంత్రం ఏడింటికి ఉంటుందా అని ఏ సభలోనూ ఏ అభ్యర్థినీ అడగలేదు. అడగని దానికి హామీ ఎవరిస్తారు?

మా పత్రికల వాళ్ల వాటా కూడా చెప్పాలి. డాక్టరు డ్యూటీకి రాని రోజు పీహెచ్‌సీ జిల్లా పేజీకెక్కుతుంది. వచ్చిన రోజులు వార్త కావు. పక్క పేజీ నిండా కార్పొరేట్ ఆసుపత్రి ప్రకటన. ఏడాదికి ఎన్నిసార్లు స్టెంట్ గురించి రాశామో, మోకాలి మార్పిడి గురించి రాశామో లెక్కలేదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలని, మధ్యలో తీసి తీసి చూడకూడదని రాసింది ఎన్నిసార్లు?

విచిత్రమేమిటంటే ఈ విచక్షణ మనకు చేతకానిది కాదు. డల్లాస్‌లో ఉన్న మనవాణ్ణి అడగండి. ఏ దెబ్బకు అర్జెంట్ కేర్, ఏ దెబ్బకు ఎమర్జెన్సీ రూమ్, ఏది రేపు పొద్దున దాకా ఆగుతుంది అన్నది నిద్రలో లేపినా చెబుతాడు. బిల్లు నేర్పిన చదువు అది. అదే మనిషి విజయవాడలో నాన్న జారి పడ్డారని తెలిస్తే, ‘మంచి ఆసుపత్రికి వెళ్లండి, డబ్బు గురించి ఆలోచించకండి’ అంటాడు. అక్కడ లెక్క చూసుకునేవాడికి ఇక్కడ లెక్క చూసుకోవడం ప్రేమ లేకపోవడంలా కనిపిస్తుంది.

చిన్నదాన్ని పెద్ద చేసే మనమే పెద్దదాన్ని చిన్నగా చూస్తాం. షుగరున్న పెద్దాయన చెప్పు కరిచిన పుండును చూపించుకోడు, నొప్పి లేదుగా అంటాడు. నరాలు మొద్దుబారినందుకే నొప్పి లేదు. వేలు తీసేయాల్సి వచ్చే దాకా అది మన లెక్కలో చిన్న దెబ్బే. కుక్క పన్ను గీసిన గీతకు కారం అద్దుతాం, ఆకు పసరు కడతాం. బొడ్డు చుట్టూ 14 సూదులన్న పాత భయం ఇంకా వెంటాడుతోంది. ఆ మందు ఎప్పుడో పోయింది, ఇప్పటిది భుజానికి వేసే నాలుగైదు మోతాదులు. పావుగంట సబ్బునీళ్లతో కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి. గాయం లోతుగా ఉంటే దాంతోపాటు గాయంలోకి సీరం కూడా వేయాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. తలకు దెబ్బ తగిలిన పిల్లాడు వాంతి చేసుకుని మత్తుగా పడుకుంటే అలసిపోయాడనుకుంటాం. అప్పుడు 108కి ఫోన్ చేయాలి. 2005 నుంచి ఆ నంబరు మన దగ్గరే పుట్టి పెరిగింది, అయినా ఆటో కోసం వీధిలోకి పరిగెత్తుతాం.

ఇంత తెలిసీ ఏం చేస్తామంటే, ఎవరింటి దగ్గర వాళ్లం చేయగలిగింది ఒకటుంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీ ఉంటుంది, దానికి ఏటా 10,000 రూపాయల నిధి ఉంటుంది. అందులో ఎవరెవరున్నారో మన సర్పంచిని అడిగినవాళ్లం తక్కువ. వచ్చే గ్రామసభకు వెళ్లండి. పింఛన్లూ ఇళ్ల పట్టాల మాట అయ్యాక లేచి నిలబడి ఒక్క ప్రశ్న వేయండి: సాయంత్రం ఏడింటికి మా పిల్లాడి కాలు తెగితే, కడిగి కట్టు కట్టే మనిషి ఈ ఊళ్లో ఎక్కడుంటారు? జవాబు రాకపోతే మినిట్స్‌లో ఆ ప్రశ్ననైనా రాయించండి.