మెల్‌బోర్న్‌లోనా, అడిలైడ్‌లోనా?

గత నెల ఒకనాడు అసర్ నమాజు ముగిసిన తరువాత మా మొహల్లాకు చెందిన ఒక పెద్దాయన మదరసా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. చేతిలో ఒక సంచి, అందులో ఏర్పేడు దారిలో ఉన్న తన ఇంటిస్థలం దస్తావేజులు. ఐఐటీ వచ్చిన తరువాత ఆ ప్రాంతంలో భూమికి ఎంత గిరాకీ ఏర్పడిందో శ్రీకాళహస్తి వాసులకు చెప్పనక్కరలేదు.

"హజ్రత్, మావాడు మెల్‌బోర్న్‌లో ఇల్లు కొంటానంటున్నాడు. అడ్వాన్సు కోసం ఈ స్థలం అమ్మమంటున్నాడు. వాడి స్నేహితులేమో అడిలైడ్ మేలంటున్నారట. మీరేమంటారు?" అని అడిగారు.

ఆస్ట్రేలియాను నేను చూడలేదు. అయితే నా వద్ద చదివిన పిల్లలు కొందరు అక్కడ ఉన్నారు. వారిని విచారించి, వారం తరువాత చెబుతానన్నాను. ఇటువంటి ప్రశ్న నేడు అనేక ఇళ్లలో ఉన్నందున ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ వ్రాస్తున్నాను.

సిడ్నీలో ఉద్యోగాలకు కొదవలేదు. లకెంబా, ఆబర్న్ వంటి పేటలలో మస్జిదులు, హలాల్ దుకాణాలు అడుగడుగునా ఉంటాయి. కాని అక్కడి ఇళ్ల ధరలు ఆ దేశంలోకెల్లా ఎక్కువ. జీతంపై బ్రతికే మన పిల్లలకు అవి అందవు. మెల్‌బోర్న్ పడమటి శివార్లయిన టార్నీట్, ట్రుగనీనాలలో తెలుగువారు విరివిగా ఉన్నారు. ట్రుగనీనాలో అల్ తఖ్వా కాలేజీ అనే పెద్ద ఇస్లామీ పాఠశాల కూడా ఉంది. ఇటీవలి సంవత్సరాలలో ధరల పెరుగుదల అక్కడ మందగించింది. అయితే నగరం నడిబొడ్డు పాతిక కిలోమీటర్ల దూరం. రాకపోకలకే రోజులో చాలా భాగం పోతుంది. బ్రిస్బేన్‌లో 2032 ఒలింపిక్స్ జరగనున్నాయి. ఒకప్పుడు చవకైన ఆ నగరం ఇప్పుడు ధరలలో మెల్‌బోర్న్‌ను దాటింది. గనుల సంపద గల పెర్త్ కూడా అలాగే పెరిగింది. మనకూ పెర్త్‌కూ రెండున్నర గంటలే తేడా కనుక తల్లిదండ్రులతో మాట్లాడడానికి మాత్రం అదే అనుకూలం.

అడిలైడ్ నెమ్మదైన ఊరు. ఒంటెలు తోలుతూ ఎడారులు దాటిన మన ఉపఖండపు ముస్లిములు, అఫ్ఘానులు 1888లో అక్కడ నిర్మాణం ఆరంభించిన మస్జిదులో నేటికీ నమాజు జరుగుతోంది. ఈ సంగతి విన్నప్పుడు ఆ ఊరిపై నాకు అభిమానం కలిగింది. అయితే అభిమానం వీసా ఇవ్వదు. వీసా లెక్కలో కూడా అడిలైడ్‌కు, పెర్త్‌కు ఒక అనుకూలత ఉంది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప తక్కిన ప్రాంతాలను ప్రాంతీయ వీసాలకు అర్హమైనవిగా పరిగణిస్తారు. 491 వీసాకు ఎంపికైతే అదనంగా 15 పాయింట్లు వస్తాయి. మూడేళ్ల తరువాత శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ అబ్బాయిది చదువు ముగిసిన తరువాత ఇచ్చే తాత్కాలిక వీసా. తాత్కాలిక వీసాదారులు అదివరకే కట్టి ఉన్న ఇళ్లను కొనరాదని అక్కడి ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుండి నిషేధం విధించింది. కొత్త ఇంటికైనా ప్రత్యేక అనుమతి, దానికి రుసుము అవసరం. ఆపైన విదేశీ కొనుగోలుదారు సుంకం: మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో ధరపై 8 శాతం, అడిలైడ్‌లో 7 శాతం. ఏడు లక్షల డాలర్ల ఇంటికి విక్టోరియాలో ఇదొక్కటే 56 వేల డాలర్లు. ఈ సంగతి కుమారుడు తండ్రికి చెప్పలేదు. బహుశా అతనికే తెలియదేమో.

ఇక అప్పు. ఆరు లక్షల డాలర్లను 6 శాతం వడ్డీపై ముప్ఫై ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 3,600 డాలర్లు కట్టాలి. మొత్తం దాదాపు 12 లక్షల 95 వేలు. అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ. వడ్డీ నిషిద్ధమని మనకు తెలుసు. ఈ లెక్క చూస్తే తెలియనివారికి కూడా గుండె జారుతుంది. వడ్డీలేని పద్ధతిలో ఇల్లు ఇప్పించే సంస్థలు అక్కడ ఉన్నాయి. మెల్‌బోర్న్‌లో 1989లోనే ముస్లిములు సహకార పద్ధతిలో ఎం.సి.సి.ఎ.ను నెలకొల్పారు. అయినా పేరు చూసి సంతకం చేయరాదు. ఇల్లు ఎవరి పేర ఉంటుంది, అద్దెను దేనినిబట్టి మారుస్తారు, మధ్యలో ఉద్యోగం పోతే నష్టం ఎవరిది అన్న మూడు ప్రశ్నలకు జవాబులు కాగితంపై తీసుకొని, తెలిసిన ముఫ్తీకి చూపించాలి.

ఇదంతా విన్న తరువాత పెద్దాయనను నేను ఒక మాట అడిగాను: "భాయ్, మీకు ఇద్దరు ఆడపిల్లలున్నారు కదా. వారికేమిస్తున్నారు?"

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. నొమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన సంతానంలో ఒక్కరికే కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని కోరినప్పుడు దైవప్రవక్త (సల్లం) నిరాకరించిన ఉదంతాన్ని గుర్తుచేశాను. కుమారునికి సాయం చేయవచ్చు. కాని అది అప్పుగా కాగితంపై ఉండాలి, అక్కచెల్లెళ్లకు తెలిసి ఉండాలి. మీ తదనంతరం ఆ స్థలంలో వారికి వాటా ఉంది. నేడు అమ్మి ఒక్కరికే ఇచ్చివేస్తే అది ఏమవుతుంది?

మరుసటి రోజు జుహర్ తరువాత ఆయన మా వరండా నుండే మెల్‌బోర్న్‌కు ఫోన్ చేశారు. శాశ్వత నివాసపు పత్రం చేతికి వచ్చేదాకా స్థలం మాట ఎత్తవద్దని చెప్పారు. అటునుంచి అబ్బాయి చాలాసేపు వాదించాడు. చివరకు, అడిలైడ్‌లో తన వృత్తికి అవకాశం ఉందేమో, అద్దెలు ఎలా ఉన్నాయో కనుక్కొని చెబుతానన్నాడు. దస్తావేజుల సంచిని పెద్దాయన నా అలమారాలో పెట్టబోయారు. వద్దన్నాను. ఇంటికి తీసుకెళ్లి, ముందు కూతుళ్లకు చూపించమన్నాను.