పిప్పిపన్నుకు నూరు కిలోమీటర్లు

తెలంగాణలో దంతవైద్య కోర్సులకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. ప్రభుత్వ దంత కళాశాల మాత్రం రాష్ట్రం మొత్తానికి ఒక్కటే, అదీ హైదరాబాద్‌ అఫ్జల్‌గంజ్‌లో. 2022–24 మధ్య ఉమ్మడి వరంగల్‌లో మహబూబాబాద్‌, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. జ్వరానికి, కాన్పుకు దారి దగ్గరైంది. పంటికి కాలేదు.

ఏటూరునాగారం నుంచి హనుమకొండకు సుమారు 100 కిలోమీటర్లు. బాగా పుచ్చిన పన్నును నిలబెట్టాలంటే రూట్‌ కెనాల్‌ చేయాలి. అందుకు రెండు మూడుసార్లు వెళ్లాలి, ఆపైన తొడుగు వేయించుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ కూలి పోతుంది, బస్సు చార్జీలు మీద పడతాయి. పీకించుకుంటే ఒక్కపూటలో తెమిలిపోతుంది. అందుకే మొదట లవంగ నూనె, తర్వాత ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్లలు, చెంప వాచాక పట్నం ప్రయాణం. అప్పటికి పీకడమే మిగులుతుంది. దీన్ని పల్లెజనం అవగాహన లేమిగా తీసిపారేయడం అన్యాయం. వాళ్లు లెక్క వేసుకునే ఆ నిర్ణయానికి వస్తున్నారు. మారాల్సింది ఆ లెక్క.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బుల కోసం పుట్టింది. నోటి క్యాన్సర్‌ ఆపరేషన్‌ ఖర్చు భరిస్తుంది. గుట్కా నమిలే మనిషి బుగ్గ లోపలి తెల్లమచ్చను తొలినాళ్లలోనే పట్టుకునే వారు మాత్రం ఊరి దరిదాపుల్లో కనిపించరు. ఆయుష్మాన్‌ భారత్‌ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటి. అది పల్లె దవాఖానలో రోజువారీ పనిగా మారాలి.

పిల్లల విషయంలో కొంత యంత్రాంగం ఉంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లి చూసే జబ్బుల్లో పిప్పిపళ్లూ ఉన్నాయి. చూస్తారు, రాస్తారు, పెద్దాసుపత్రికి పొమ్మంటారు. అక్కడే తెగిపోతోంది. 2018లో మొదలైన కంటి వెలుగు జనాన్ని కదిలించిందంటే, పరీక్ష చేసిన చోటే చాలామంది చేతిలో అద్దాలు పెట్టడం వల్లే. దంత శిబిరంలో సాధారణంగా చేతికొచ్చేది బ్రష్షు, పేస్టు, ఒక చీటీ.

ఊళ్లోనే చేయదగ్గ వైద్యం లేక కాదు. సిల్వర్‌ డయమిన్‌ ఫ్లోరైడ్‌ అనే ద్రావణాన్ని పుచ్చిన చోట ఒక చుక్క పూస్తే, పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది. సూది అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పూసిన చోట నల్లబడుతుంది కాబట్టి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించాలి. 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకున్న మరో పద్ధతిలో చేతి పనిముట్లతోనే పుచ్చు గీకి, గ్లాస్‌ అయొనమర్‌ సిమెంటు నింపుతారు. ఈ ద్రావణాన్ని, ఈ సిమెంటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

మరి చేసేదెవరు? న్యూజిలాండ్‌ 1921లోనే బడిపిల్లల పళ్లు చూసేందుకు ప్రత్యేకంగా నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది. అలాస్కా ఆదివాసీ పల్లెల యువత 2003లో అక్కడికే వెళ్లి ఆ పని నేర్చుకున్నారు. మన 1948 డెంటిస్టుల చట్టమూ హైజీనిస్టులను గుర్తించింది గానీ, పళ్లు శుభ్రం చేయడం, జాగ్రత్తలు చెప్పడం దాకానే వాళ్ల పనిని పరిమితం చేసింది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. బీడీఎస్‌ చివర్లో ఏడాదిపాటు హౌస్‌సర్జన్లుగా పనిచేసే యువ డాక్టర్లు ఏటా బయటికి వస్తూనే ఉన్నారు. వాళ్లను సీనియర్ల పర్యవేక్షణలో మొదట ఏటూరునాగారం ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలకు పంపాలి. సిల్వర్‌ డయమిన్‌ ఫ్లోరైడ్‌ ద్రావణాన్ని ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి. హాస్టల్‌ పిల్లలైతే రెండోసారీ అక్కడే ఉంటారు. జూన్‌లో బడులు తెరిచాక ఒక విడత, డిసెంబరులో ఇంకో విడత. గిరిజన సంక్షేమ, వైద్యారోగ్య శాఖలు, వరంగల్‌లోని విశ్వవిద్యాలయం కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే విద్యా సంవత్సరమే ఈ పని మొదలుపెట్టవచ్చు.