హెడరు ఇచ్చేది మాట, లైబ్రరీ చేసేది పని

సి భాష నేర్చుకొంటున్న మీ అబ్బాయినో, అమ్మాయినో మ్యాథ్.హెచ్ అంటే ఏమిటని అడిగి చూడండి. "అదొక లైబ్రరీ" అని చాలామంది జవాబిస్తారు. ఈ ఒక్క అపోహ వల్ల పరీక్షల ముందు ఎన్ని రాత్రులు వృథా అవుతున్నాయో ఇంటి పెద్దలకు తెలియదు.

మ్యాథ్.హెచ్‌లో వర్గమూలం కట్టే విధానం ఉండదు. ఎస్‌క్యూఆర్‌టీ అనే ఫంక్షను ఒకటి ఉన్నదనీ, అది డబుల్ రకపు విలువను తీసుకొని అదే రకపు విలువను తిరిగి ఇస్తుందనీ తెలిపే ప్రకటన మాత్రమే ఉంటుంది. విషయసూచికలో అధ్యాయం పేరు చూచినంత మాత్రాన అధ్యాయం చదివినట్లు కాదు గదా! లెక్క కట్టే యంత్రసంకేతం ముందుగానే కంపైలు అయి, లైబ్రరీ అనే వేరొక ఫైలులో ఉంటుంది.

కంపైలరు హెడరును చదివి, ఫంక్షనును సరిగా పిలిచామా లేదా అని పరిశీలిస్తుంది. ఆ ఫంక్షను దేహం ఎక్కడున్నదో దానికి అక్కరలేదు. ఆ చోటును ఖాళీగా వదలి ఆబ్జెక్టు ఫైలును తయారు చేస్తుంది. ఖాళీని పూరించవలసినది లింకరు. లినక్సులో హెడరు చేర్చిన తరువాత కూడా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని కనిపిస్తే, అది లింకరు ఫిర్యాదు. హెడరును ఎన్నిసార్లు తిరగరాసినా తీరదు. జీసీసీ ఆదేశం చివర హైఫన్, ఎల్, ఎమ్ అనే గుర్తులను చిన్న అక్షరాలలో కలిపి వ్రాస్తే గణిత లైబ్రరీ జతపడుతుంది. ప్రింట్ఎఫ్‌కు ఈ శ్రమ లేదు. దాని లైబ్రరీని జీసీసీ తనంతట తానే కలుపుతుంది. పిల్లలను భ్రమలో పడవేసినది ఈ సౌకర్యమేనని నా అభిప్రాయం.

దోషం కనిపించడం ఒక విధంగా మేలే. కనిపించనిది మరింత ప్రమాదకరం. సి భాషలో లింకరు సాధారణంగా పేరును మాత్రమే చూస్తుంది, రకాన్ని చూడదు. సగటు మార్కులను డబుల్‌గా ఇచ్చే ఫంక్షను ఒక ఫైలులో ఉన్నదనుకోండి. మరొక ఫైలులో దానిని పూర్ణాంకం ఇచ్చేదిగా ప్రకటిస్తే పేర్లు కలుస్తాయి, ప్రోగ్రాము తయారవుతుంది, నడుస్తుంది కూడా. తెరమీద వచ్చే అంకెకు మాత్రం అర్థముండదు.

ప్రకటనే లేని పిలుపును 1999 నాటి ప్రమాణం తొలగించింది. అయినా జీసీసీ చాలా ఏళ్లు హెచ్చరికతోనే సరిపెట్టి, 2024లో వెలువడిన 14వ వెర్షను నుండి దానిని దోషంగా నిరాకరిస్తున్నది. తప్పుడు ప్రకటన సంగతి వేరు. దానికి మందు పాతదే: ప్రకటనను చేతితో ప్రతి ఫైలులోనూ వ్రాయక, ఒకే హెడరులో ఉంచి, ఫంక్షనును పిలిచే ఫైలులోనే కాక దానిని నిర్వచించిన ఫైలులో కూడా చేర్చాలి. అప్పుడు మాటకూ పనికీ పొంతన లేకపోతే కంపైలరే అక్కడికక్కడ పట్టుకొంటుంది.